ఒక కుక్కకు ఇల్లు కుదిర్చే పనితనం

"మిర్చి. ఆడది. మూడేళ్లు ఉండొచ్చు. గోధుమ రంగు. ఆపరేషన్ అయింది, చెవికి గాటు ఉంది. చేతిలో చీపురుంటే దగ్గరికి రాదు. గిన్నె పెట్టి పక్కకు తప్పుకుంటే తింటుంది, నిలబడి చూస్తుంటే తినదు. మెడపట్టీ వేయించుకుంటుంది కానీ తల మీదుగా చెయ్యి తెస్తే నేలకు కరుచుకుపోతుంది. పిల్లి కనిపిస్తే ఆగదు. చిన్నపిల్లలతో ఎలా ఉంటుందో ఇంకా చూడలేదు."

హైదరాబాద్ శివార్లలో ఉన్న ఒక షెల్టర్‌లో, కెన్నెల్ తలుపుకి కట్టిన అట్ట మీది రాత ఇది. రాసింది మా మేనకోడలు, మా అమ్మాయి లాంటిదే. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, సెలవు రోజుల్లో అక్కడ వాలంటీర్‌గా పనిచేస్తోంది. చాలా ఏళ్లుగా రకరకాల వచనం చదువుతున్న మనిషిగా చెబుతున్నాను, ఇందులో తీసేయదగ్గ మాట ఒక్కటి కూడా లేదు. విశేషణం అన్నదే దాదాపు లేదు. మంచిది, ముద్దుగా ఉంటుంది, పాపం చాలా కష్టాలు పడింది వంటి మాటలు ఎక్కడా లేవు. అయినా చదివేసరికి ఆ కుక్క మన కళ్ల ముందు నిలబడుతుంది. ఎక్కడో ఎవరో చీపురు తిరగేసి కొట్టారని, తింటుంటే గిన్నె లాక్కున్నారని ఎవరూ చెప్పకుండానే మనకు తెలిసిపోతుంది.

అంతకుముందు అదే కుక్కకు మరో అట్ట ఉండేది. "చాలా ఫ్రెండ్లీ, లవింగ్ డాగ్. అందరితో ఇట్టే కలిసిపోతుంది." రాసినవాళ్లది మంచి మనసే. ఎలాగైనా దానికి ఇల్లు దొరకాలన్న ఆరాటం అందులో కనిపిస్తుంది. కానీ ఆ రాత పట్టుకుని ఎవరు వస్తారు? ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, పైన అద్దెకు ఇంకో కుటుంబం, రోజంతా వచ్చిపోయే జనం ఉన్నవాళ్లు వస్తారు. కుక్కను తీసుకువెళతారు. వారం తిరక్కుండా మంచం కింద నుంచి బయటికి రావడం లేదని, పనిమనిషి మీద గుర్రుమందని తిరిగి తెచ్చి దించుతారు. ఒకసారి ఇల్లు చూసి వెనక్కి వచ్చిన కుక్కకు రెండో ఇల్లు వెతకడం మొదటిదానికన్నా కష్టం. అది అప్పటికి మరింత బెదిరిపోయి ఉంటుంది. వెనక్కి వచ్చిందట అన్న మాట విని చూడవచ్చినవాళ్లూ తటపటాయిస్తారు.

అందుకే ఆ చివరి వాక్యం నాకు మరీ నచ్చింది. చిన్నపిల్లలతో ఎలా ఉంటుందో ఇంకా చూడలేదు. తెలియనిదాన్ని తెలియదని రాయడం పెద్ద పండితులకే ఒక పట్టాన రాదు. ఇరవై నిండని పిల్ల రాసింది. ఆ వాక్యం వల్ల ఒకటి రెండు కుటుంబాలు ముందుకు రాకుండా ఆగిపోయి ఉండొచ్చు. ఆగడమే మంచిది.

నన్నయ భారతం ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ వస్తుంది. తన కొడుకును జనమేజయుడి తమ్ముళ్లు నిష్కారణంగా కొట్టారని ఆ దేవశునకం స్వయంగా రాజు దగ్గరికి వచ్చి అడుగుతుంది. మన తెలుగు కావ్యం ఆరంభంలోనే ఒక కుక్క న్యాయం అడిగిందన్న సంగతి నాకు ఎప్పుడూ గొప్పగా అనిపిస్తుంది. షెల్టర్‌లోని కుక్కలకు నోరు లేదు. వాటి తరఫున మాట్లాడేది ఆ అట్టే. కాబట్టి అందులో అబద్ధం ఉండకూడదు, అతిశయోక్తి అసలే ఉండకూడదు.

ఇక ఆ ఆరేడు వాక్యాలు రాయడానికి ముందు ఏం జరగాలో చూద్దాం.

ముందు ఒంటికి సూది పడాలి. జంతువుల మధ్య పనిచేసేవాళ్లు రేబీస్ టీకా ముందుగానే వేయించుకోవాలి. మన దేశంలో మామూలుగా తొలి రోజు, ఏడో రోజు, ఆ తర్వాత 21వ లేదా 28వ రోజు వేస్తారు. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. టీకా వేయించుకున్నా సరే, పన్ను గీరుకుంటే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, ఆ వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. ఆ షెల్టర్‌లో కొత్త వాలంటీరుకు మొదట నేర్పే పాఠం ఇదే.

రెండో పాఠం చీపురు, నీళ్ల పైపు. కుక్కపిల్లల్ని ఒళ్లో వేసుకుని ఫొటో దిగాలని ఉబలాటంగా వచ్చే పిల్లల్లో చాలామంది ఇక్కడే ఆగిపోతారట. కెన్నెళ్లు కడగడానికి ఒక వరుస ఉంటుంది. టీకాలు పూర్తికాని కుక్కపిల్లలున్న గది ముందు, ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కలది తర్వాత, కొత్తగా వచ్చి విడిగా ఉంచినవాటిది ఆ తర్వాత, జబ్బు పడినవాటిది అన్నిటికన్నా చివర. వరుస తప్పితే పని చేసే మనిషి చెప్పులే రోగాన్ని మోసుకుపోతాయి. పార్వో అనే వైరస్ కుక్కపిల్లల పేగుల్ని పాడుచేస్తుంది, రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే చంపేయగలదు. అది నేలలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కు చావదు. బ్లీచ్ ద్రావణం ఒక పాలుకు నీళ్లు ముప్పై పాళ్లు కలిపి పోసి, పది నిమిషాలు నేల తడిగా ఉండనివ్వాలి. దానికి ముందు సబ్బు నీళ్లతో శుభ్రంగా రుద్ది కడగాలి, మలం, మట్టి ఉన్నచోట బ్లీచ్ పనిచేయదు. మా అమ్మాయి ఈ పని చేస్తుంటే దూరంగా నిలబడి చూశాను. మూలల దగ్గర చీపురు తిప్పి పట్టుకుని అంచులు గీకుతుంది, నీళ్లు ఎప్పుడూ వాలు పైనుంచి కిందికే పంపుతుంది. ఒక్క చుక్క పక్క కెన్నెల్‌లోకి పోనివ్వదు. మిర్చి ఉన్న చోట మాత్రం చీపురు ముందుగా లోపల పెట్టి, దాన్ని ముట్టుకోకుండా కాసేపు పక్కనే నిలబడుతుంది. చీపురు గురించిన వాక్యం అలా పుట్టిందే.

కుక్కను చూడడం నేర్పింది అక్కడ చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒక పెద్దాయన. అందరూ కాకా అనే పిలుస్తారు. బడి చదువు తక్కువ. ఆయన చేసే పని చూస్తుంటే కాలం తెలియదు. కొత్త కుక్క ఉన్న కెన్నెల్‌లోకి ఎదురుగా నడిచి వెళ్లడు, పక్కవాటుగా వెళతాడు. కళ్లలోకి చూడడు. గోడవైపు కొంచెం తిరిగి నేల మీద కూర్చుంటాడు. చెయ్యి చాచడు, తొడ మీద అరచేయి పైకి పెట్టి వదిలేస్తాడు. మా అమ్మాయి మొదట్లో "రా రా, బుజ్జీ" అని పిలుస్తుంటే ఆయన అన్నాడట: "పిలువకు బిడ్డా. నువ్వు కూసో. దానికి రావాలనిపిస్తే అదే వస్తది."

వచ్చాక కూడా తల నిమరడు. గడ్డం కిందో, ఛాతీ పక్కనో రెండు వేళ్లతో గోకి ఆపేస్తాడు. ఆపి చూస్తాడు. కుక్క ఇంకా దగ్గరికి జరిగితే మళ్లీ గోకుతాడు, అక్కడే ఉండిపోతే ఊరుకుంటాడు. ఆ ఆపడంలో ఉంది అసలు విద్య అంతా. ఇంకా కావాలా వద్దా అని అడిగి, జవాబు వినేదాకా ఆగడం అది. తాడు వేసేటప్పుడు కూడా ఉచ్చును తల మీదుగా తేడు. వలయాన్ని వెడల్పు చేసి మూతి ముందు కింది నుంచి పట్టుకుంటాడు, కుక్క వాసన చూస్తూ తనంతట తానే తల దూరుస్తుంది.

కుక్క ఒంటి భాష మీద పుస్తకాలున్నాయి, పరిశోధనలున్నాయి. ఆకలి లేకుండా పెదవులు నాక్కోవడం, నిద్ర రాకుండా ఆవులించడం, మొహం పక్కకు తిప్పుకోవడం, ఇవన్నీ నన్ను ఇబ్బంది పెట్టొద్దని చెప్పే సంకేతాలని నార్వేకు చెందిన శిక్షకురాలు టురిడ్ రూగాస్ వివరంగా రాశారు. తోక ఊపితే సంతోషమేనన్నది అందరి నమ్మకం. ఇటలీలోని బారీ విశ్వవిద్యాలయం పరిశోధకులు, వారితో కలిసి పనిచేసినవారు 2007లో ప్రచురించిన అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. యజమానిని చూసినప్పుడు కుక్క తోక దాని కుడివైపుకు ఎక్కువగా ఊగుతుంది, బెదిరించే కొత్త కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకు ఎక్కువగా ఊగుతుంది. కాకా ఇవేవీ చదవలేదు. తోక గురించి అడిగితే, "తోక ఒక్కటే సూడొద్దు, నడుం సూడాలె" అంటాడు. తోకతో పాటు నడుము కూడా మెత్తగా ఊగితే భయం లేదు, ఒళ్లంతా కర్రలా బిగిసి తోక కొస మాత్రం ఊగుతుంటే ఆగిపోవాలి. మా అమ్మాయి పుస్తకంలో చదివినదాన్నీ కాకా చూపించినదాన్నీ పక్కపక్కన పెట్టుకుని నేర్చుకుంది. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. షెల్టర్‌కు వచ్చే ప్రతి కుక్కకూ ఇల్లు వెతకరు. వీధిలో పుట్టి, అక్కడి మనుషులకు అలవాటై, ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఆ వీధే ఇల్లు. దాన్ని తెచ్చి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, గుర్తుకు చెవి అంచున చిన్న గాటు పెట్టి, పట్టుకున్నచోటే వదిలిపెడతారు. 2001 నాటి నిబంధనల స్థానంలో 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు ఈ పద్ధతినే చెబుతాయి. దత్తతకు పెట్టేవి వేరు. తల్లి చనిపోయిన పిల్లలు, బండి కింద పడి కాలు పోయినవి, చూపు పోయినవి. ఇవి కాక, మోజుగా కొని వదిలేసిన జాతి కుక్కలు. మన ఎండల్లో మంచుదేశపు హస్కీని అపార్ట్‌మెంట్‌లో పెట్టుకుని, బొచ్చు రాలుతోందని, కరెంటు బిల్లు ఎక్కువైందని ఊరి బయట వదిలేసేవాళ్లున్నారు. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. ఆ సంగతి వదిలేసేవాళ్లలో ఎంతమందికి తెలుసో.

ఆ చట్టం వెనక ఒక నాట్యకారిణి ఉన్నారు. కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్. 1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యాక జంతువుల కోసం ప్రైవేటు బిల్లు తెచ్చారు, ప్రభుత్వమే చట్టం చేస్తుందన్న హామీతో దాన్ని వెనక్కి తీసుకున్నారు. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు ఆమే మొదటి అధ్యక్షురాలు. మద్రాసులో బ్లూ క్రాస్ 1959లో మొదలైంది, పెట్టింది విమానాలు నడిపిన కెప్టెన్ వి. సుందరం. హైదరాబాద్ బ్లూ క్రాస్‌ను 1992లో అక్కినేని అమల మొదలుపెట్టారు. విశాఖపట్నంలో జంతు సంరక్షణ సొసైటీ 1996 నుంచి పనిచేస్తోంది. ఈ రోజు ఒక డిగ్రీ విద్యార్థిని చీపురు పట్టుకుని నేర్చుకోవడానికి ఒక చోటు ఉందంటే వీళ్లందరి చలవే.

2025లో వీధి కుక్కల విషయం దేశమంతా మాట్లాడుకునేంతగా ముదిరింది. ఢిల్లీ వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని ఆగస్టు 11న సుప్రీంకోర్టు ధర్మాసనం ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించి, రేబీస్ ఉన్నవి, మీద పడి కరిచే స్వభావం ఉన్నవి తప్ప మిగిలినవాటిని ఆపరేషన్, టీకా తర్వాత వాటి చోట్లకే పంపమంది. నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోంచి తీసిన కుక్కల్ని తిరిగి అక్కడ వదలొద్దని ఆదేశించింది. ఆగస్టు 22 నాటి ఉత్తర్వులోనే దత్తత ప్రస్తావన కూడా ఉంది. జంతుప్రేమికులు దరఖాస్తు పెట్టుకుని వీధి కుక్కల్ని తీసుకోవచ్చు, తీసుకున్నాక అవి మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదే. ఈ రెండో సగం చదివినప్పుడు నాకు మళ్లీ మిర్చి అట్టే గుర్తొచ్చింది. కుక్క మళ్లీ వీధిలోకి రాకూడదంటే మొదటే సరైన ఇంట్లోకి పోవాలి. అది ఉత్తర్వుతో అయ్యే పని కాదు.

ఒక ఆదివారం ఆ షెల్టర్‌లో దత్తత కోసం వచ్చినవాళ్లతో మాట్లాడడం చూశాను. మాట్లాడేది అక్కడి మేనేజరమ్మ, మా అమ్మాయి పక్కన కూర్చుని రాసుకుంటుంది. మొదట వచ్చినాయనకు ఇంటి కాపలాకు గట్టి కుక్క కావాలి.

"పగలు ఎక్కడ ఉంచుతారు సార్?"

"గేటు పక్కన కట్టేస్తాం మేడం. రాత్రి వదులుతాం."

"నడకకు ఎవరు తీసుకెళతారు?"

"కాంపౌండ్ ఉంది కదా, అదే తిరుగుతుంది."

ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. చట్టం గురించి ఉపన్యాసం చెప్పలేదు. పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టేసి ఉంచడం, ఎప్పుడూ కట్టేసి ఉండే కుక్కకు యజమాని నడక లేకుండా చేయడం కూడా అదే 11వ సెక్షన్‌లో ఉన్నాయి. ఆమె అవి ఎత్తలేదు. "మా దగ్గరున్నవన్నీ ఇంట్లో మనుషుల మధ్య ఉండాలనుకునేవే సార్. గేటు దగ్గర ఒంటరిగా ఉంచితే రోజంతా మొరిగి మీకే ఇబ్బంది పెడతాయి. మీకు కాపలాకైతే సీసీ కెమెరా నయం," అంది. ఆయన నొచ్చుకోలేదు. పోతూ పోతూ విరాళం పెట్టెలో డబ్బులు వేసి వెళ్లాడు. కాదనడం ఎవరికైనా వచ్చు. కాదనిపించుకున్న మనిషి రేపు ఎక్కడైనా దెబ్బ తగిలిన కుక్కను చూస్తే ఇక్కడికే ఫోన్ చేసేలా కాదనడం మాత్రం నేర్పు.

ఆ తర్వాత వచ్చినవాళ్లు రిటైరైన దంపతులు. సొంత ఇల్లు, కింది వాటా, చుట్టూ కొంచెం జాగా. వాళ్లకు తెల్లటి బొచ్చు కుక్కపిల్ల కావాలి. ప్రశ్నలు మొదలయ్యాయి. సంక్రాంతికి ఊరెళితే కుక్కను ఎవరు చూస్తారు? మనవలు ఎన్నాళ్లకోసారి వస్తారు, వాళ్ల వయసెంత? ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా? మేడ మీద పిట్టగోడ ఎంత ఎత్తు? కుక్క పదీ పన్నెండేళ్లు బతుకుతుంది, మీకు ఒంట్లో బాగాలేకపోతే బాధ్యత ఎవరిది? చివరి ప్రశ్న పెద్దవాళ్లను అడగడానికి ధైర్యం కావాలి. ఆమె ఎంతో గౌరవంగా అడిగింది. వాళ్లూ తొణక్కుండా, పక్క వీధిలోనే కూతురుందని చెప్పారు.

అప్పుడు మా అమ్మాయి నోరు విప్పింది. "ఆంటీ, కుక్కపిల్లకి రోజుకు నాలుగు పూటలు పెట్టాలి, రాత్రుళ్లు లేవాలి. నాలుగు నెలలు వచ్చేదాకా టీకాలకు తిప్పాలి. మీ ఇంట్లో సందడి తక్కువ అంటున్నారు కదా, అలాంటి ఇల్లే కావాలని చూస్తున్న పెద్ద కుక్క ఒకటుంది. చూస్తారా?"

అట్ట ఇచ్చింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. మా తరంలో పెళ్లి సంబంధాలు కుదిర్చే పెద్దలు ఒక్క లోపమైనా ముందే చెప్పేవాళ్లు, తర్వాత మాట పడకుండా. ఆ అట్టలో ఉన్నదీ ఆ మర్యాదే. వాళ్లిద్దరినీ పెరట్లో చెట్టు కింద కూర్చోబెట్టి మిర్చిని తాడు లేకుండా వదిలారు. అది దూరంగానే ఉండిపోయింది. ఎవరూ పిలవలేదు. ఆయన ఫోన్ తీసి ఫొటో తీయబోతే కాకా వద్దని చేత్తోనే సైగ చేశాడు. చాలాసేపటికి అది వచ్చి ఆవిడ చీర కొంగు వాసన చూసి వెనక్కి పోయింది. ఆ రోజుకు అంతే. "ఇవాళ ఇవ్వం ఆంటీ, మళ్లీ వారం రండి," అన్నారు. ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న చేతులకు ఇంత నిబ్బరం ఉండడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

2025 ఆగస్టులో జీహెచ్‌ఎంసీ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో దేశవాళీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. అలాంటి మేళాలు రావాలి. మన ఊరి కుక్క ఎంత అందమైనదో, మన వాతావరణానికి ఎంత సరిపోతుందో జనానికి తెలిసేది అక్కడే. నా కోరిక ఒక్కటే. మేళాలో పరిచయం జరగనివ్వండి, నిర్ణయం మాత్రం ఇంటికి వెళ్లి నిద్రపోయి లేచాక తీసుకోనివ్వండి.

మిర్చి ఆ దంపతుల ఇంటికే చేరింది. షెల్టర్‌వాళ్లు ముందు ఇల్లు చూసి వచ్చారు, గేటు కింద సందు పూడ్పించారు. వీధి జంతువుల దత్తత కోసం జంతు సంక్షేమ బోర్డు 2022లో ఒక పద్ధతిని, దరఖాస్తునూ విడుదల చేసింది. దాని ప్రకారమే కాగితాలు రాయించారు. ఆ తర్వాత మా అమ్మాయి పని ఫోన్ చేయడం. షెల్టర్లలో మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అన్న లెక్క ఒకటి వాడుకలో ఉంది. కొత్త ఇంట్లో కుక్క మొదటి మూడు రోజులూ బెదురుగా ఉంటుంది, మూడు వారాలకు ఆ ఇంటి వేళలు తెలుసుకుంటుంది, మూడు నెలలకు ఇది నా ఇల్లు అనుకుంటుంది. ప్రతి కుక్కా ఇదే లెక్కలో పోదు కానీ, ఇంటివాళ్లు ఎప్పుడు కంగారు పడకూడదో చెప్పడానికి పనికొస్తుంది.

ఆ ఫోన్లు ఎలా చేస్తుందో పక్కనుండి విన్నాను. బాగుందా అని అడగదు. అలా అడిగితే మర్యాదకు బాగుందనే అంటారు. "రాత్రి ఎక్కడ పడుకుంటోంది ఆంటీ? మీరు ఊడుస్తుంటే ఎటు పోతోంది? గిన్నె దగ్గర మీరుంటే తింటోందా?" అని అడుగుతుంది. అట్టలో రాసిన ప్రతి వాక్యం ఇప్పుడు ఒక ప్రశ్నగా మారింది. మూడో ఫోన్‌లో ఆవిడ, తాను వంటింట్లో నిలబడి ఉండగానే మిర్చి అన్నం తినేసిందని చెప్పింది. మా అమ్మాయి ఆ మాట రిజిస్టరులో తేదీ వేసి రాసింది.

కుక్కపిల్లను కొనాలని అనుకుంటున్నవాళ్లకు నా మనవి ఇది. డబ్బు ఇచ్చేముందు మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉన్న షెల్టర్‌కు ఇంటిల్లిపాదీ వెళ్లండి. పిల్లల గదికి కాక ముందు పెద్ద కుక్కల దగ్గరికి వెళ్లండి. ప్రతిదాని గురించీ మీకు ఏం తెలుసు, ఏం తెలియదు అని అక్కడివాళ్లను అడగండి. వాళ్లు అడిగే ప్రశ్నలకు నిజం చెప్పండి. ఇవాళ వద్దంటే కోప్పడకండి, మళ్లీ వారం వెళ్లండి. ఇంట్లో కాలేజీకి వెళ్లే పిల్లలుంటే వాళ్లకు ముందు రేబీస్ టీకా వేయించి, సెలవుల్లో అక్కడికి పంపండి. కెన్నెల్ కడగడం దగ్గర్నుంచి మొదలుపెట్టమనండి.